తగ్గని పాదం నొప్పి: చెప్పిన జబ్బు అదేనా అని తేల్చుకోవడం ఎలా

పాదం నొప్పితో మూడు నెలలు దాటి బాధపడుతున్నవాళ్లకి మన దగ్గర సాధారణంగా నాలుగు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. మడమలో ఎముక పెరిగింది. ప్లాంటార్ ఫాసియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఉండే పట్టీ దెబ్బతినడం. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయి. లేదంటే వయసు, బరువు. చాలాసార్లు ఆ మాట నిజమే అయి ఉంటుంది. కానీ మాత్రలు అయిపోయి, చెప్పులు మార్చి, మడమలో సూది కూడా వేయించుకున్నా పొద్దున కాలు కింద పెట్టాలంటే భయం పోకపోతే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చికిత్స సరిగా జరగలేదా? అసలు జబ్బే వేరా? ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే జనం ఏళ్ల తరబడి ఆసుపత్రులు మారుస్తూ ఉంటారు. ఎక్కడికి వెళ్లినా మళ్లీ అదే ఎక్స్‌రే, అవే మాత్రలు.

నా మడమకి కూడా మొదట ఎముక పెరిగిందనే అన్నారు. చివరికి తేలింది నరం ఒత్తిడి. నేను డాక్టర్ని కాను, కాబట్టి కింద రాసిందాన్ని బట్టి ఇంట్లో కూర్చుని జబ్బు పేరు పెట్టేసుకోకండి. డాక్టర్ ఇచ్చే పది నిమిషాల్లో సరైన విషయం ఆయన చెవిన పడేలా సిద్ధం కావడానికి వాడుకోండి.

ముందు: ఆగకూడని సందర్భాలు

డైరీలూ ఆలోచనలూ అక్కర్లేకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లకి ఒక పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండో పాదం కన్నా వేడిగా తగిలితే నొప్పి పెద్దగా లేకపోయినా సరే వెళ్లాలి. అది షార్కో పాదం కావొచ్చు. లోపల ఎముకలు మెత్తబడి విరుగుతుంటాయి, పైకి మాత్రం బెణుకులాగో చీము పట్టినట్టో కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చి నడవనిస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

పాదం చల్లబడి, పాలిపోయి లేదా నీలంగా మారడం, మానని పుండు, నొప్పితో పాటు జ్వరం, పిక్క ఒకవైపే వాచి గట్టిపడటం, పాదం పైకి ఎత్తలేకపోవడం, దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం కూడా ఇందులోకే వస్తాయి. నడుము నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి, మూత్రం తెలియకుండా పోతున్నా లేక అసలు రాకపోయినా అది వెన్నులో అత్యవసరం. రాత్రయినా వెళ్లాలి.

మొదటి అడుగు: ఏం చెప్పారు, దేన్ని బట్టి చెప్పారు

పాత చీటీలన్నీ తీసి వరసగా పెట్టండి. ఒక్కోదాంట్లో జబ్బు పేరు ఉందా లేదా చూడండి. చాలా చీటీల్లో "హీల్ పెయిన్" అని మాత్రమే ఉంటుంది. మీరు చెప్పిన బాధనే ఇంగ్లీషులో రాశారు, అంతే. కారణం రాయలేదు. పేరు ఉంటే ఆ పక్కనే ఆధారం ఏమిటో రాయండి. చేత్తో నొక్కి చూశారా, ఎక్స్‌రే చూశారా, రక్త పరీక్షా, లేక మీరు కూర్చోకముందే మందులు రాయడం మొదలైపోయిందా.

ఎక్స్‌రేలో కొక్కెంలా పొడుచుకొచ్చిన ఎముక కనిపించిందంటే చాలామంది గుండె జారిపోతుంది. "ముల్లులా పెరిగింది, అదే గుచ్చుకుంటోంది" అని ఇంటికొచ్చి అందరికీ చెప్పుకుంటారు. నిజానికి ఏ నొప్పీ లేని ఎంతోమంది మడమల్లోనూ ఆ ఎముక కనిపిస్తుంది. అది చాలా ఉన్నా హాయిగా తిరిగేవాళ్లున్నారు, అసలు లేకుండానే నొప్పితో కుంటేవాళ్లున్నారు. కాబట్టి ఎక్స్‌రేలో ఆ ముల్లు (డాక్టర్లు స్పర్ అంటారు) ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్టు కాదు. దాన్ని తీసేయడానికి ఆపరేషన్ అని ఎవరైనా తొందరపెడితే మరో డాక్టర్ని అడగకుండా ఒప్పుకోవద్దు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్లు ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌లో కండరాలూ లిగమెంట్లూ ఎముకకి అతుక్కునే చోట్ల సున్నం పేరుకుంటుంది. మడమతో పాటు నడుము, మెడ, మోకాళ్లు కూడా బిగుసుకుపోతుంటే మీ ఊరి పేరూ తాగిన నీళ్ల సంగతీ డాక్టర్‌కి చెప్పండి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్‌కి మీ చిన్నప్పటి ఊరు తెలిసే అవకాశం లేదు.

రెండో అడుగు: నొప్పికి పటం గీయండి

పాత క్యాలెండర్ కాగితం తిరగేసి నేల మీద పరవండి. దాని మీద పాదం ఆనించి నిలబడి, చుట్టూ పెన్నుతో గీయించుకోండి. తర్వాత కూర్చుని, ఒకే ఒక్క వేలితో నొప్పి ఉన్న చోటు నొక్కండి. అరచేత్తో "ఇక్కడంతా" అని చూపిస్తే లాభం లేదు. వేలు ఆగిన చోట ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి. మంటగానో తిమ్మిరిగానో ఉండే చోటు వేరే ఉంటే నీలం గీతలు వేయండి. పాదం పైన, చీలమండ పక్కన కూడా ఉంటే దానికి మరో బొమ్మ. ఈ కాగితం చూసిన డాక్టర్లు మామూలుగా అడిగే ప్రశ్నలు మానేసి అసలు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు.

ఆ పైన రెండు వారాల పాటు రోజుకు నాలుగైదు మాటలు రాయండి. పొద్దున మొదటి అడుగులు ఎలా ఉన్నాయి, నడిచేకొద్దీ తగ్గిందా పెరిగిందా, ఎంతసేపు నిలబడ్డాక మొదలైంది, రాత్రి నిద్రలో లేపిందా, కాళ్లు కిందికి వేలాడేస్తే హాయిగా ఉందా, పైకి పెడితే హాయిగా ఉందా. నొప్పి ఎలాంటిదో మన ఇంటి మాటల్లోనే రాయండి. పోటా, సలుపా, మంటా, తిమ్మిరా, చీమలు పాకినట్టా, కరెంటు కొట్టినట్టా, లేక దూది మీద నడిచినట్టా. చివరి ఐదింటిలో ఏదున్నా నరం వైపు చూడాలి. వీటిని "పెయిన్" అనే ఒక్క మాటలో కలిపేసి చెప్తే డాక్టర్‌కి అందాల్సిన ఆనవాళ్లన్నీ అందులోనే పోతాయి.

నొప్పి మొదలవడానికి ముందు నెల రోజుల్లో ఏం జరిగిందో కూడా రాయండి. కొత్త ఉద్యోగమా, కొత్తగా వాకింగా, అలిపిరి మెట్లా, జ్వరమా, ఏవైనా యాంటీబయాటిక్‌లా. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం మందులు పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడులాంటి పట్టీని, అంటే ఎకిలీస్ టెండన్‌ని, దెబ్బతీయగలవు. 2008లోనే అమెరికా ఔషధ సంస్థ వీటి మీద గట్టి హెచ్చరిక ముద్రించమంది. మన దగ్గర విరేచనాలకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది తరచుగా ఇదే.

మూడో అడుగు: పేరుకీ నొప్పికీ పొంతన చూడటం

ప్రతి జబ్బుకీ ఒక నడత ఉంటుంది. ప్లాంటార్ ఫాసియైటిస్ నడత ఇది: మడమ కింద, కాస్త లోపలి వైపు, వేలు పెడితే దొరికే ఒక చోట నొప్పి. పొద్దున లేచాక మొదటి అడుగులు నరకం, కొద్దిగా నడిచాక సడలుతుంది, రోజంతా నిలబడితే సాయంత్రానికి మళ్లీ వస్తుంది. చాలాసేపు కూర్చుని లేచినా అంతే. మంట, తిమ్మిరి సాధారణంగా ఉండవు. రాత్రి పడుకున్నప్పుడు ప్రశాంతంగా ఉంటుంది. మీ రెండు వారాల డైరీ ఇలాగే ఉంటే పేరు సరైందే కావచ్చు. నేరుగా నాలుగో అడుగుకి వెళ్లండి.

పొంతన కుదరకపోతే, ఎక్కడ కుదరలేదన్నదే దారి చూపిస్తుంది.

మంట, తిమ్మిరి, కరెంటు ఉంటే నరాన్ని అనుమానించాలి. చీలమండ లోపలి ఎముక వెనక ఒక ఇరుకు దారిలోంచి పాదంలోకి నరం వస్తుంది. అక్కడ నలిగితే టార్సల్ టనెల్ సిండ్రోమ్. అరికాలంతా మంట, ఎక్కువసేపు నిలబడినా ఎక్కువ, కొందరికి రాత్రి దుప్పటి తగిలినా చిరాకు. నాకు తేలింది ఇదే. అప్పటిదాకా చూసినవాళ్లంతా మడమ కింద నొక్కారు. నరాల డాక్టర్ మాత్రం మడమ వదిలేసి, ఆ ఎముక వెనక పల్లంలో వేలి కొసతో మెల్లగా టకటకా కొట్టారు. బొటనవేలి దాకా సర్రున కరెంటు పాకింది, కాలు వెనక్కి లాగేసుకున్నాను. ఆయన ఏమీ అనకుండా రెండో కాలి మీద కూడా అలాగే కొట్టారు. అక్కడ ఏమీ లేదు. ఏ మిషనూ అక్కర్లేని ఈ చిన్న పరీక్షని టినెల్ పరీక్ష అంటారు. అది రాకపోయినా ఆ జబ్బు లేదని కాదు, వస్తే మాత్రం అటు చూడాల్సిందే.

ఇదే నరంలోంచి చీలే ఒక సన్నటి కొమ్మ, బ్యాక్స్‌టర్ నరం, మడమ దగ్గర నలిగితే అచ్చం ప్లాంటార్ ఫాసియైటిస్‌లానే ఉంటుంది. తేడా ఏమిటంటే పొద్దున మొదటి అడుగుల కన్నా పని చేసేకొద్దీ పెరుగుతుంది. నెలల తరబడి సాగదీత వ్యాయామాలు చేసినా కదలిక లేని మడమ నొప్పిలో దీన్ని అడిగి చూపించుకోవాలి.

రెండు పాదాలూ ఒకేలా, వేళ్ల కొసల్లో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంటే షుగర్ నరాల జబ్బు గుర్తుకొస్తుంది. కానీ షుగర్ ఉందన్న కారణంతో ప్రతి పాదం నొప్పినీ షుగర్ ఖాతాలో వేయడం మన దగ్గర మామూలైపోయింది. ఒక్క పాదానికే ఉంటే, మడమలో ఒక్క చోటే ఉంటే, "షుగర్ అయితే ఒక కాలికే ఎందుకొస్తుంది?" అని అడగండి. ఇంకో సంగతి: షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, మాంసం, గుడ్లు, పాలు పెద్దగా తినని వాళ్లలో బీ12 తగ్గుతుంది. దానివల్ల వచ్చే మంటలూ ఇలాగే ఉంటాయి. బీ12 పరీక్ష చేయించాలంటే బలం సూదులు వేయించుకోకముందే చేయించాలి. సూది పడ్డాక లెక్క బాగానే కనిపించి అసలు సంగతి మరుగున పడుతుంది.

నడుము నుంచి తొడ వెనకగా పిక్కలోకి లాగుతూ మడమలో ఆగే నొప్పికి మూలం నడుములో ఉండొచ్చు. దగ్గినా తుమ్మినా కాలిలోకి చిమ్మితే ఆ మాట తప్పకుండా చెప్పండి. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవలేకపోవడం కూడా ఒక గుర్తు. అయితే చీలమండ లోపలి వైపు వాపు ఉండి, అరికాలి వంపు క్రమంగా చదునైపోతూ, ఒంటికాలి మీద మడమ లేవడం లేదంటే అది పాదాన్ని పట్టి ఉంచే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ సాగిపోవడం. నడివయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. దీన్ని బెణుకు అనుకుని వదిలేస్తే వంపు శాశ్వతంగా పోతుంది.

మడమని రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే విలవిల్లాడేంత నొప్పి వస్తోందా? మడమ ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. ఉన్నట్టుండి నడక పెంచినవాళ్లు, పోలీసు, ఆర్మీ సెలెక్షన్లకి పరుగు తీసే కుర్రాళ్లు, ఎముకలు పలచబడ్డ పెద్దవాళ్లు, స్టెరాయిడ్ వాడేవాళ్లు జాగ్రత్తపడాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే నార్మల్" అన్న మాట మీద మళ్లీ పరుగు మొదలుపెట్టొద్దు.

మడమ సరిగ్గా మధ్యలో, గ్రానైట్ నేల మీద చెప్పుల్లేకుండా నడిస్తే రాయి గుచ్చుకున్నట్టుంటే మడమ కింద దిండులా ఉండే కొవ్వు పలచబడి ఉండొచ్చు. వయసు వల్లా వస్తుంది, మడమలో పదే పదే స్టెరాయిడ్ సూదులు పడ్డా వస్తుంది. మూడో, నాలుగో వేళ్ల మధ్య గులకరాయి మీద కాలేసినట్టుండి, బిగుతు బూట్లు విప్పితే హాయిగా ఉంటే మోర్టన్స్ న్యూరోమా, అంటే వేళ్ల మధ్య నరం మందమెక్కడం. బొటనవేలి కీలు అర్ధరాత్రి ఎర్రగా వాచి మంచం దిగనివ్వకపోతే గౌట్, అంటే కీలులో యూరిక్ యాసిడ్ పేరుకోవడం. గౌట్ దెబ్బ తీస్తున్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించొచ్చు, తగ్గిన రెండు వారాలకి మళ్లీ చూడాలి. తిరకాసు ఏమిటంటే, యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువున్న ప్రతివాళ్ల నొప్పీ గౌట్ కాదు. మన దగ్గర ఈ పొరపాటు రెండు వైపులా జరుగుతోంది.

కీళ్ల వాతం వైపు చూడాల్సిన గుర్తులు వేరు. వయసు నలభై లోపు, రెండు మడమలూ, పొద్దున నడుము అరగంట పైన బిగుసుకుపోయి కదిలితే సడలడం, తెల్లవారుజామున నొప్పికి మెలకువ, ఎప్పుడైనా కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, చర్మం మీద పొలుసుల మచ్చలు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి. వీటిలో రెండు మూడున్నా రుమటాలజిస్టుని కలవాలి, ఎముకల డాక్టర్‌తో ఆగకూడదు. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే రక్త పరీక్ష సాయపడుతుంది గానీ ఒక్కదాని మీదే తేలదు. అది ఉన్న ఆరోగ్యవంతులున్నారు, అది లేకుండా జబ్బున్నవాళ్లూ ఉన్నారు. ప్రైవేటులో రుమటాలజిస్టు దొరక్కపోతే హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

చికున్‌గున్యాని మర్చిపోవద్దు. 2005-06లో అది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని కుదిపేసినప్పుడు జ్వరం వారంలో పోయినా చీలమండల నొప్పులు నెలల పాటు, కొందరికి ఏళ్ల పాటు వదల్లేదు. ఇప్పటికీ వానాకాలం జ్వరాల తర్వాత మొదలైన పాదాల నొప్పికి ఆ జ్వరం తేదీ చెప్పడం అవసరం.

కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే రెండు నిమిషాల్లో తగ్గి, మళ్లీ నడిస్తే అదే దూరంలో పట్టేస్తుంటే రక్తం అందడం లేదేమో చూడాలి. చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ అలవాటున్న మగవాళ్లలో ముప్పై, నలభై ఏళ్లకే పాదాల నాళాలు మూసుకుపోయే బర్జర్స్ జబ్బు వస్తుంది. రాత్రి కాలు మంచం కిందికి వేలాడేస్తేనే నిద్ర పడుతోందంటే ఆలస్యం చేయకండి. చివరగా, పాదంలో స్పర్శ తగ్గిన చోటు, చర్మం మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే కుష్ఠు పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయించుకోండి. మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది. పేరు విని సిగ్గుపడి దాచుకుంటే నరం పోతుంది.

నాలుగో అడుగు: చికిత్స నిజంగా జరిగిందా

ఇక్కడ కాస్త నిజాయితీ కావాలి. పేరు సరైందే అయినా, చికిత్స అంటే పది రోజుల నొప్పి మాత్రలు, ఒక జెల్లు ట్యూబు అయితే తగ్గకపోవడంలో వింత లేదు. ప్లాంటార్ ఫాసియైటిస్ ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది, ఏడాది దాకా కూడా. పేరు చివర "ఐటిస్" ఉన్నా పాతబడ్డ నొప్పిలో వాపు కన్నా ఆ పట్టీ అరిగి నీరసించడమే ఎక్కువ. 2003లో అమెరికాలో ఆపరేషన్ చేసిన 50 మడమల ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూస్తే కనిపించింది అదే. వాపు మాత్రలు అంతగా ఎందుకు పనిచేయవో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కనీసం పన్నెండు వారాలు చేయాల్సినవి ఇవి. మంచం దిగకముందే, కాలు మీద కాలు వేసుకుని, చేత్తో కాలివేళ్లని మోకాలి వైపు వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోవాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. రెండో చేత్తో అరికాలిని తడిమితే పట్టీ తీగలా బిగుసుకోవడం తెలుస్తుంది, అప్పుడు సరిగా లాగుతున్నట్టు. తర్వాత మెట్టు అంచు మీద, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి మడమలు లేపడం. మూడు సెకన్లు పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు కిందికి. రోజు మార్చి రోజు. తేలికనిపించాక ఒంటికాలితో, ఆపైన వీపుకి పుస్తకాల సంచీ తగిలించుకుని. 2014లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని మామూలు సాగదీతతో పోల్చి చూశారు. మూడు నెలల దగ్గర బరువుతో చేసినవాళ్లు ముందున్నారు, ఏడాదికి ఇద్దరూ సమానమయ్యారు. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటికి పెరిగితే బరువు తగ్గించాలి. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లు, పగులు అనుమానం ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఇది మొదలుపెట్టొద్దు.

చెప్పుల సంగతి అందరూ వింటారు, ఇంటి బయట. ఇంట్లో మాత్రం గడప దగ్గర విప్పేసి మార్బుల్ మీద పద్నాలుగు గంటలు ఉత్త కాళ్లతో తిరుగుతారు. వంటగట్టు ముందు నిలబడే ఆడవాళ్లకి అసలు బరువంతా అక్కడే పడుతుంది. బయట వేయని మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పుల జత ఒకటి ఇంటికి ప్రత్యేకంగా కొనండి. పూజగదికి తప్ప అన్ని చోట్లకీ అవే. అత్తగారు మొదట్లో ముఖం చిట్లిస్తే, "డాక్టర్ రాశారత్తయ్యా" అని చీటీ చూపించండి. నిజంగానే రాయించుకోవచ్చు, డాక్టర్లు రాస్తారు.

మడమలో స్టెరాయిడ్ సూది కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. పదే పదే వేస్తే పట్టీ తెగే ప్రమాదం, కొవ్వు కరిగే ప్రమాదం ఉన్నాయి. ఎన్నిసార్లు, ఏ తేదీల్లో పడిందో లెక్క మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే ఒక డాక్టర్ వేసింది ఇంకో డాక్టర్‌కి తెలియదు. ఊళ్లో పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని కీళ్ల నొప్పుల మందుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు కొత్త కాదు. నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, డాక్టర్‌కి చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

పన్నెండు వారాలు ఇవన్నీ చేసి, డైరీలో గీత ఏమాత్రం కిందికి దిగకపోతే పేరుని అనుమానించే హక్కు మీకు పూర్తిగా వచ్చినట్టే. పొంతన మొదట్నుంచీ లేనివాళ్లు అంతకాలం ఆగక్కర్లేదు.

ఐదో అడుగు: డాక్టర్ ముందు

ఒక్క పేజీ చాలు. పైన నొప్పి పటం, కింద ఎప్పుడు మొదలైంది, దేనికి పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది, ఇప్పటిదాకా ఏం వాడారు, దానితో ఏమైంది, ఇంకేం జబ్బులున్నాయి. రోజూ వేసుకునే చెప్పులు తీసుకెళ్లండి. అడుగు ఏ పక్క అరిగిందో చూస్తే నడక తెలుస్తుంది. పంచె, చీర, లెగ్గింగ్ ఏదైనా మోకాలి దాకా సులువుగా పైకి వచ్చేది కట్టుకోండి.

అడిగే తీరులోనే సగం పని ఉంది. "ఇంటర్నెట్‌లో చూశానండీ, నాకు టార్సల్ టనెల్ అనుకుంటా" అని మొదలుపెడితే ఆయన పట్టుదలకి పోతారు. అదే, "సార్, మీరు చెప్పినట్టే మూడు నెలలు చేశాను, రాసుకొచ్చాను చూడండి. పొద్దున బాగానే ఉంటోంది, సాయంత్రం మంట వస్తోంది. ఇది ఫాసియైటిస్‌లో ఉంటుందా?" అంటే ఆలోచిస్తారు. ఇంకో మూడు ప్రశ్నలు నాకు బాగా పనికొచ్చాయి. "ఇది కాకపోతే ఇంకేమయ్యే అవకాశం ఉంది మేడమ్?" "ఆ రెండిటినీ విడదీసే పరీక్ష ఏదైనా ఉందా?" "ఎన్ని వారాల్లో తగ్గాలి, తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?" మూడో ప్రశ్నకి వచ్చిన జవాబుని ఆయన ముందే రాసుకోండి.

పరీక్షలు కూడా ప్రశ్నకి తగ్గట్టే ఉండాలి. పట్టీ మందం చూడటానికి అల్ట్రాసౌండ్ సరిపోతుంది. 4 మిల్లీమీటర్లు దాటితే మందంగా ఉన్నట్టు, మామూలుగా ఉంటే నొప్పికి వేరే కారణం వెతకాలి. ఎక్స్‌రేలో కనిపించని పగులుకి ఎంఆర్‌ఐ. నరానికి నెర్వ్ కండక్షన్ పరీక్ష, అయితే టార్సల్ టనెల్‌లో ఇది నార్మల్ రావడం కూడా ఉంది. రక్తప్రసరణకి చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష, నిష్పత్తి 0.9 కన్నా తగ్గితే అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఇది బాగున్నట్టు తప్పుగా చూపించొచ్చు, అప్పుడు నాళాల్లో రక్తం పారడాన్ని చూసే డాప్లర్ పరీక్ష అడగాలి. స్పర్శకి 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ దారం పాదానికి తాకించి చూస్తారు, ఖర్చే లేదు. షుగర్ ఉన్నవాళ్ల పాదాల్ని ఏడాదికోసారైనా ఇలా చూడాలి, మిమ్మల్ని చూడకపోతే అడిగి చూపించుకోండి.

ఏ డాక్టర్ దగ్గరికి అన్నది మరో చిక్కు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకి పాదాలకే ప్రత్యేకించిన పోడియాట్రిస్టులు దొరుకుతారు. ఇక్కడ ఆ పనిని ఎముకల డాక్టర్, ఫిజియోథెరపిస్టు, షుగర్ పాదాల క్లినిక్ తలా కొంచెం పంచుకుంటారు. మంట, తిమ్మిరి ముఖ్యమైతే న్యూరాలజిస్టు, పొద్దుటి బిగుతు ముఖ్యమైతే రుమటాలజిస్టు, నడిస్తే పట్టేస్తుంటే రక్తనాళాల డాక్టర్. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు పటం, డైరీ ముందు చూపించి, పాత జబ్బు పేరు చివర్లో చెప్పండి. పేరు ముందే చెప్తే కొత్త కళ్లు కూడా పాత దారిలోనే చూస్తాయి. షుగర్, అలర్జీలు, వాడుతున్న మందులు మాత్రం మొదటే చెప్పాలి.

ఈలోపు రోజులు గడవాలి కదా

జవాబు తేలేదాకా నడక మొత్తం మానేయడం మంచిది కాదు, పంతానికి పోయి నడవడమూ కాదు. ఆ రోజు నొప్పి మర్నాడు పొద్దుటికి పాత స్థాయికి దిగిపోతే ఆ నడక మీకు సరిపోయినట్టే. దిగకపోతే మర్నాడు సగం చేయండి. కూరగాయలు స్టూలు మీద కూర్చుని తరుక్కోవడం, పొయ్యి దగ్గర మెత్తటి రబ్బరు చాప, బట్టల షాపులోనో క్లాసులోనో నిలబడే ఉద్యోగమైతే గంటకోసారి రెండు నిమిషాలు కూర్చోవడం. యజమాని ఒప్పుకోకపోతే డాక్టర్ చేత రాయించండి.

గుడి దగ్గర మొహమాటం ఎక్కువ. ప్రదక్షిణలు తగ్గించుకుంటే దేవుడేమీ అనుకోడు. అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు చెప్పుల్లేకుండా తిరగాలనుకునే షుగర్ పేషెంట్లు మాత్రం ముందు స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. కాలిన తారురోడ్డు తెలియని పాదం బొబ్బలెక్కి పుండు పడేదాకా తెలియనే తెలియదు. గురుస్వామితో మాట్లాడితే దారి దొరుకుతుంది.

మందుల షాపులో కొని వేసుకునే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివి బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లకి ప్రమాదం. కిడ్నీ జబ్బులున్న ఉద్దానం లాంటి చోట్ల రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) చూడకుండా రోజూ వేసుకోవడం అస్సలు తగదు. నరాల మంటకి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ మగత తెస్తాయి. మొదటి వారం బండి నడపొద్దు, మీ అంతట మీరు హఠాత్తుగా మానొద్దు. మంట పాదాన్ని వేడినీళ్లలో ముంచే అలవాటుంటే నీళ్లు ఇంకొకరి చేత్తో చూపించండి.

అన్ని పరీక్షలూ అయ్యాక "అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అనిపించుకున్నవాళ్లూ ఉంటారు. దెబ్బ మానిపోయినా నరాల వ్యవస్థ నొప్పిని పెద్దది చేసి పంపుతూనే ఉండటం నిజమైన విషయమే, కల్పన కాదు. చిన్న దెబ్బకో ఆపరేషన్‌కో మించిపోయిన నొప్పి, పాదం రంగు, వేడి, చెమట మారడం, గుడ్డ తగిలినా భరించలేకపోవడం ఉంటే సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్) కావొచ్చు. దానికి పెయిన్ క్లినిక్‌లు, మత్తు డాక్టర్లు నడిపేవి, పెద్ద ఊళ్లలో ఉన్నాయి. ఎంత తొందరగా ఫిజియో మొదలైతే అంత మంచిది. నిద్ర సరిగా లేని రాత్రి తర్వాత నొప్పి ఎక్కువుందేమో డైరీలో చూసుకోండి, ఉంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. "అన్నీ బాగానే ఉన్నాయంటగా, ఇంకా ఏంటి?" అనే బంధువులకి వివరించే పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించడం మేలు.

కొత్త పేరు దొరికినా దాన్నీ ఇదే పరీక్షకి పెట్టాలి. ఏ ఆధారంతో, ఎన్ని వారాల్లో, ఏం మారాలి. నాకు నరం అని తేలాక కూడా ఫోన్‌లో ఎనిమిదో వారానికి ఒక గుర్తు పెట్టుకుని, ఆ రోజు డైరీ చూసి మరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే ఫిల్ములు ఎండకి వంకర్లు పోకుండా పరుపు కింద పెట్టండి, రిపోర్టులన్నీ ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ ఇంట్లో మరొకరి ఫోన్‌లోనూ ఉంచండి. చీటీల వెనక తేదీ వేయడం మర్చిపోవద్దు.